మాటకు బాట విడవాలి

'హలో... బిడ్డా, ఇనవడ్తలేదురా... మల్ల జెయ్యి!' భివండీలోని కామత్‌ఘర్ గల్లీల్లో షిఫ్టు దిగిన సాంచల కార్మికుల చెవిన పడే మాట ఇది. పన్నెండు గంటల చప్పుడుకు దిబ్బడ వేసిన చెవికి ఫోను ఆనిస్తే, అవతల ఊళ్లో ఉన్న తల్లి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. అదే గదిలో పక్కవాడి ఫోనులో సినిమా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మూడు గంటల సినిమాకు సరిపోయే నెట్‌వర్క్ మూడు నిమిషాల మాటకు ఎందుకు సరిపోవడం లేదు? ఇదేమీ నిపుణులకు మాత్రమే తెలిసిన బ్రహ్మరహస్యం కాదు. మాట కోసం నెట్‌వర్క్‌లో కొంత దారిని విడిగా అట్టిపెట్టే విధానం దశాబ్దాల కిందటే రూపుదిద్దుకుంది. ఆ దారి ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదన్నదే అసలు సమస్య.

కామత్‌ఘర్, పద్మానగర్ బస్తీల్లోని ఎన్నో తెలుగు కుటుంబాల వేర్లు పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేత ఊళ్లలో ఉన్నాయి. చేతి మగ్గం కూడు పెట్టని రోజుల్లో పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు మరమగ్గాలను నమ్ముకొని ఇక్కడ స్థిరపడ్డారు. తరాలు మారినా ఊరితో పేగుబంధం తెగలేదు. పెళ్లి సంబంధమైనా, పొలం గట్టు పంచాయితీ అయినా, ముసలి తండ్రికి జ్వరమైనా కబురు ఫోనులోనే రావాలి. చావు కబురైతే ఇక చెప్పేదేముంది? విన్న వెంటనే కల్యాణ్ చేరి రైలు పట్టుకుంటేనే కడచూపు దక్కుతుంది. సగం విని సగం వినని కబురుతో ఆ రాత్రి గడిపే మనిషి క్షోభ ఏ కంపెనీ లెక్కల్లోకీ ఎక్కదు.

ఒకప్పుడు ఇదే జనం ఎస్‌టీడీ బూత్ ముందు వరుసలో నిలబడేవారు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని కాచుకొని, మీటరు వంక ఒక కన్ను వేసి మాట్లాడేవారు. పండగపూట నంబరు తిప్పితే 'ఇస్ రూట్ కీ సభీ లైనే వ్యస్త్ హై' అన్న రికార్డు వినిపించేది. చికాకు పుట్టించేదే గానీ అందులో ఒక నిజాయతీ ఉంది. లైను లేకపోతే లేదని ఆ వ్యవస్థ ముందే చెప్పేది. లైను దొరికిందా, మాట ముగిసేదాకా ఆ దారి ఆ ఇద్దరిదే. డిజిటల్ ఎక్స్చేంజీలు వచ్చాక ఒక్కో సంభాషణకు సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున దారి కేటాయించేవారు. ఇద్దరూ నోరు మెదపకుండా కూర్చున్నా ఆ దారిలోకి మూడోవాడు రావడానికి లేదు. అది దుబారానే. అయితే, ఆ దుబారాలోనే మాటకు భరోసా ఉండేది.

ఇంటర్నెట్ ఆ పద్ధతిని తలకిందులు చేసింది. ఇక్కడ ఎవరికీ సొంత దారి లేదు. మాట, పాట, సినిమా, ఫొటో, బ్యాంకు లావాదేవీ... అన్నింటినీ చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి ఒకే రోడ్డు మీదికి తోలుతారు. రద్దీ పెరిగితే ప్యాకెట్లు వరుసలో ఆగుతాయి. వరుస మరీ పెరిగితే కొన్ని కిందపడిపోతాయి. ఖాళీ దారిని ఎవరో ఒకరు వాడుకుంటారు కాబట్టే ఇంటర్నెట్ ఇంత చవక అయింది. పేదవాడి చేతికి చేరింది. అయితే అన్ని సరుకులకూ ఒకే న్యాయం పనికిరాదు.

సాంచ నడిపేవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నాడె పడుగు మధ్య నుంచి దూసుకుపోయి అవతలి గట్టుకు వేళకు చేరాలి. చేరకపోతే సాంచ టక్కున ఆగిపోతుంది. ఇంట్లో ఎంత నూలున్నా నాడె వేళ తప్పితే గుడ్డ లేదు. మాట సంగతీ అంతే. సినిమా అలా కాదు. కండెలు ముందే చుట్టి పక్కన పేర్చుకున్నట్టు, చూడబోయే దృశ్యాలను ఫోను ముందుగానే తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో నెట్‌వర్క్ కాసేపు మొరాయించినా చూసేవాడికి తెలియదు. తల్లి నోటి నుంచి ఇంకా రాని మాటను ముందే తెచ్చి దాచడం ఎవరి తరం?

లెక్కలు చూస్తే మాట అడిగేది ఎంత తక్కువో అర్థమవుతుంది. సాధారణంగా ఇంటర్నెట్ ఫోను గొంతును 20 మిల్లీసెకన్లకు ఒక ముక్కగా కోస్తుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. పాత టెలిఫోను నాణ్యతతో పంపినా, ప్యాకెట్ల మీద రాసే చిరునామాల బరువు కలుపుకొని సెకనుకు 80 కిలోబిట్లు చాలు. గొంతును కుదించే జి.729 వంటి పద్ధతిలో అయితే 24 కిలోబిట్లతోనే సరిపోతుంది. మంచి స్పష్టత గల సినిమాకు సెకనుకు 5 మెగాబిట్ల దాకా కావాలి. ఒక్క సినిమా తినే దారిలో అరవై మంది మాట్లాడుకోవచ్చన్నమాట! అయితే మాట ఒకే ఒక్క షరతు పెడుతుంది. చెప్పిన మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని, 400 దాటితే ఆ దారి పనికిరాదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం చెబుతోంది. అంతకన్నా చేటు చేసేది ప్యాకెట్ల మధ్య ఎడం సమంగా లేకపోవడం. నిపుణులు 'జిట్టర్' అనే ఈ తడబాటు వల్లే గొంతు నీళ్లలో మునిగి మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఆలస్యమైన ప్యాకెట్ వచ్చినా రానట్టే. దాని వంతు దాటిపోయింది. దాన్ని పారేయడం తప్ప ఫోను చేయగలిగింది లేదు.

ఈ ఇబ్బందిని ఇంటర్నెట్ రూపకర్తలు ఏనాడో గుర్తించారు. దారి పొడవునా ప్రతి కూడలినీ ముందే అడిగి బ్యాండ్‌విడ్త్‌ను రిజర్వు చేసుకునే 'ఆర్ఎస్‌వీపీ' విధానాన్ని 1997లో ప్రమాణంగా ప్రకటించారు. అది రైలు బెర్తు రిజర్వేషన్ లాంటిది. అయితే లక్షల సంభాషణల్లో ప్రతి ఒక్కదాని లెక్కనూ ప్రతి కూడలీ గుర్తుపెట్టుకోవడం కుదిరే పని కాదు. అందుకే 1998లో మరో తేలికైన పద్ధతి వచ్చింది. మనిషి పేరుతో బెర్తు రాయడం మానేసి, ప్యాకెట్ నుదుటనే ఒక గుర్తు వేస్తారు. మాట మోసే ప్యాకెట్‌కు 46వ నంబరు గుర్తు వేస్తే, దాన్ని చూసిన కూడలి అంబులెన్స్‌కు దారి ఇచ్చినట్టు ముందుకు వదలాలి. ఆ ముందు వరుసకూ ఒక హద్దు ఉండాలి. ఎంతమందికైనా ముందు వరుసే అంటే అది మళ్లీ మామూలు వరుసే అవుతుంది. మొత్తం దారిలో సుమారు మూడో వంతుకు మించి ముందు వరుసకు ఇవ్వకూడదన్నది నెట్‌వర్క్ ఇంజినీర్లు పాటిస్తున్న వాడుక. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఒక కంపెనీ వేసిన గుర్తును మరో కంపెనీ గౌరవించాలన్న నియమం బహిరంగ ఇంటర్నెట్‌లో లేదు. సరిహద్దు దాటగానే ఆ గుర్తు తరచూ చెరిగిపోతుంది. ఇటు మరాఠా గడ్డకు, అటు తెలుగు గడ్డకు మధ్య నడిచే మాట ఎన్ని కంపెనీల చేతులు మారుతుందో చెప్పనక్కర్లేదు.

అలాగని రిజర్వేషన్ ఎక్కడా అమలు కావడం లేదనుకుంటే పొరపాటే. 2016 సెప్టెంబరులో జియో రాకతో దేశంలో 4జీ ద్వారానే మాట్లాడుకునే 'వోల్టీ' విస్తరించింది. ఈ విధానంలో కంపెనీ సొంత కాల్‌కు హామీతో కూడిన దారి ఉంటుంది. ఫోను నుంచి నెట్‌వర్క్‌లోకి చేరడానికి మాట ప్యాకెట్‌కు 100 మిల్లీసెకన్ల గడువే ఇస్తారు. మామూలు డేటాకు 300 దాకా ఇస్తారు. ఈ హామీ కూడా ఒక నెట్‌వర్క్ గోడల లోపలి సంగతే. మరో నెట్‌వర్క్‌లోకి దాటే వంతెన ఇరుకైతే ఏమవుతుందో ఆ ఏడాదే దేశం చూసింది. జియో కాల్స్‌ను అందుకోవడానికి చాలినన్ని అనుసంధాన మార్గాలు ఇవ్వలేదంటూ ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలపై మొత్తం రూ.3,050 కోట్ల జరిమానా వేయాలని 2016 అక్టోబరులో ట్రాయ్ సిఫార్సు చేసింది. పెద్దల కొట్లాటలో తెగిపోయింది సామాన్యుల మాటే.

ఇప్పుడు కామత్‌ఘర్ గదుల్లో మాట ఏ దారిన నడుస్తోంది? మామూలు కాల్ ఉన్నా, మనవరాలి ముఖం చూడాలనుకునే అవ్వ కోరేది వాట్సాప్ వీడియో కాలే. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడితో మాట్లాడాలంటే అంతర్జాతీయ కాల్ రేటు ఎవరు భరిస్తారు? అక్కడా ఇంటర్నెట్ కాలే దిక్కు. డాక్టరు సలహాకు 2020లో మొదలైన ఈ-సంజీవని ఓపీడీ అయినా, పిల్లల ఆన్‌లైన్ పాఠమైనా అంతే. ఇవన్నీ క్షణం ఆగితే చెడిపోయే ముచ్చట్లే. కానీ వీటికి వోల్టీ హామీ లేదు. సినిమాలతో, డౌన్‌లోడ్‌లతో కలిసి అదే మామూలు వరుసలో తోసుకుంటూ పోవాలి. ఒకే ఫోను, ఒకే టవరు, ఒకే గొంతు... కంపెనీ కాల్ అయితే రాజమార్గం, యాప్ కాల్ అయితే సంతలో దారి. ఈ తేడాకు కారణం మాటలో లేదు, ఆ మాట ఎవరి ఖాతాలో నడుస్తోందన్న దాంట్లో ఉంది.

అయితే మాటకు దారి విడవమని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. రిజర్వేషన్ అన్న మాట వినగానే కంపెనీలకు టికెట్ కౌంటర్ గుర్తుకొస్తుంది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా రేటు ప్రకటించింది. జనం భగ్గుమనడంతో వెనక్కి తీసుకుంది. డేటాకు అందులోని సరుకును బట్టి వేర్వేరు రేట్లు వేయడాన్ని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిషేధించింది. కొన్నింటిని ఆపడం, కొన్నింటిని నెమ్మదింపజేయడం, కొన్నింటికి ప్రత్యేక వేగం ఇవ్వడం కుదరదన్న నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను 2018 జులైలో కేంద్రం ఆమోదించింది. అయినా ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్ఎక్స్ పేర్లతో ఎక్కువ చెల్లించేవారికి ముందు వరుస ఇస్తామన్న పథకాలు వచ్చాయి. డబ్బు తక్కువ ఇచ్చేవారి సంగతేమిటని నిలదీస్తూ 2020 జులైలో ట్రాయ్ వాటిని ఆపమనడం, వ్యవహారం టీడీశాట్ మెట్లెక్కడం తెలిసిందే. గల్ఫ్‌లోని యూఏఈలో వాట్సాప్ కాల్స్‌ను ఆపేసి, అనుమతి ఉన్న యాప్‌లనే వాడనివ్వడం వలస కార్మికులందరికీ అనుభవమే. మాట మీద అధికారం కంపెనీల చేతికి పూర్తిగా వదిలితే ఏమవుతుందో చెప్పడానికి ఇవి చాలవా?

రిజర్వేషన్‌లో రెండు రకాలున్నాయి. ముంబయి లోకల్ రైలు ఎక్కేవారందరికీ ఈ తేడా తెలుసు. ఒకటి ఫస్ట్ క్లాస్ పెట్టె, డబ్బున్నవాడిది. మరొకటి దివ్యాంగులకు, క్యాన్సర్ రోగులకు విడిచిన పెట్టె, అవసరమున్నవాడిది. మొదటిదాన్ని చూసి మూతి ముడిచేవారు కూడా రెండోదాన్ని తప్పుబట్టరు. నెట్‌వర్క్‌లో మాటకు కావాల్సింది ఆ రెండో రకం పెట్టె. ఏ కంపెనీ యాప్, ఎంత రీచార్జి అన్నది అనవసరం. ఆలస్యమైతే చచ్చిపోయే సరుకు ఏదైతే దానికి దారి ఇవ్వాలి. అందరి మాటకూ ఒకే తీరున ఇవ్వాలి. దేశంలోని నెట్ న్యూట్రాలిటీ సూత్రాలు ఇందుకు అడ్డు కాదు. రద్దీని అదుపు చేసే సముచిత చర్యలకు అవి చోటిచ్చాయి. ఆ చర్యలు అవసరానికి మించకూడదని, తాత్కాలికంగా ఉండాలని, జనానికి తెలిసేలా చేయాలని మాత్రమే ట్రాయ్ సిఫార్సులు షరతు పెట్టాయి.

యాప్ కాల్స్‌కు తాళం వేసి ఉంటుంది కాబట్టి లోపల ఉన్నది మాటో సినిమానో తమకు తెలియదని కంపెనీలు అనవచ్చు. ఆ వాదన నిలవదు. మూట విప్పి చూడకుండానే న్యాయం చేసే పద్ధతి ఉంది. ఎవరి ప్యాకెట్లను వారి వరుసలో నిలిపి, వంతులవారీగా వదులుతూ, తక్కువ సరుకుతో వచ్చినవాడిని తొందరగా పంపే 'ఎఫ్‌క్యూ-కోడెల్' పద్ధతిని 2018లో ఐఈటీఎఫ్ పత్రంగా ప్రచురించింది. రేషన్ దుకాణంలో అరకిలో చక్కెర కోసం వచ్చిన అవ్వను బస్తాల మనిషి వెనకాల గంట నిలబెట్టకపోవడం లాంటిదే ఇది. మాట ఎప్పుడూ తక్కువ సరుకుతోనే వస్తుంది కనుక దానికి దానంతటదే దారి దొరుకుతుంది. ఎవరి గుట్టూ రట్టు కానక్కర్లేదు.

మనసుంటే మార్గముంటుందని 2020 మార్చి చాటిచెప్పింది. లాక్‌డౌన్‌తో దేశమంతా ఇళ్లకే పరిమితమై నెట్‌వర్క్ మీద భారం పెరిగినప్పుడు నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్, హాట్‌స్టార్ తదితర సంస్థలు మొబైల్‌లో వీడియో స్పష్టతను 480పీకి కుదించడానికి ఒప్పుకొన్నాయి. సినిమా కాస్త మసకబారితే ఎవరి ప్రాణమూ పోలేదు. సాంచలు మూగబోయి, ఎప్పుడు ఊరు చేరతామో తెలియక గదుల్లో బిక్కుబిక్కుమన్న భివండీ కార్మికులకు ఆ రోజుల్లో మిగిలిన ఆసరా ఫోను మాటే. సినిమా పక్కకు జరిగి మాటకు చోటివ్వగలదని అప్పుడు రుజువైంది. ఆపద్ధర్మంగా చేసినదాన్ని మామూలు ధర్మంగా చేయడానికి అభ్యంతరమేమిటి?

అన్ని తప్పులూ పెద్ద కంపెనీలవే కావు. ఒకే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను పది మంది పంచుకునే గదిలో, ఒకరు పెళ్లి వీడియో ఊరికి పంపుతుంటే మరొకరి కాల్ తెగిపోవడం ఖాయం. పైకి పంపే దారి నిండిపోయి రౌటర్‌లో వరుస పేరుకుపోవడమే దీనికి మూలం. చాలా రౌటర్లలో 'క్యూఓఎస్' అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తెరిచి, లైను వేగంలో తొంభై శాతం దగ్గర హద్దు పెడితే మాటకు ఊపిరి ఆడుతుంది. కనెక్షన్ ఇచ్చే స్థానిక ఆపరేటర్ ఈ పని పది నిమిషాల్లో చేసిపెట్టగలడు. చేసిపెట్టమని అడగాలని జనానికి తెలియకపోవడమే లోపం. నెల కాగానే బిల్లు వసూలుకు వచ్చేవారు ఈ చిన్న సాయం చేస్తే పోయేదేమీ లేదు. తెలుగు సంఘాలు కూడా సభల్లో సన్మానాల నడుమ ఈ ముచ్చటకు ఓ పావుగంట కేటాయిస్తే మేలు.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. ముందు వరుస అనేది చాలని దారికి మందు కాదు. గల్లీ మొత్తానికి టవరు సామర్థ్యం చాలనప్పుడు ఎన్ని గుర్తులు వేసినా ఒరిగేది తక్కువే. ఇరుకు గల్లీలు, కిక్కిరిసిన గదులు ఉన్న కామత్‌ఘర్ లాంటి బస్తీలో షిఫ్టు మారే వేళ వేల ఫోన్లు ఒక్కసారి మేల్కొంటాయి. ఆ గంటలో ఏం జరుగుతోందన్నది కొలిస్తేనే బండారం బయటపడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు ఆలస్యం, జిట్టర్, ప్యాకెట్ల నష్టం వంటివాటిని కూడా కొలమానాల్లో చేర్చడం హర్షణీయం. ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి ఆగిపోతే వినియోగదారుకు పరిహారమివ్వాలనీ అవి చెబుతున్నాయి. అయితే విశాలమైన ప్రాంతం మొత్తానికి తీసిన సగటులో ఒక బస్తీ గోడు కొట్టుకుపోతుంది. ఊరంతా కలిపి సగటు వాన బాగానే పడిందంటే, ఎండిన చేనుకు ఏం ఊరట?

ఆపద వేళ ఈ పట్టింపు మరింత అవసరం. 2005 జులై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన కురిసి మహానగరం మునిగినప్పుడు ఫోన్లు మూగబోయి, ఇంటికి చేరనివారి కోసం ఎన్ని కుటుంబాలు అల్లాడాయో ఆ తరం మరచిపోలేదు. వేలమంది ఒకేసారి ప్రయత్నించే వేళ ఎవరి మాటా చేరని స్థితి కన్నా, కొందరికి కాసేపు ఆగమని చెప్పి మిగతావారి మాట చక్కగా చేరవేయడమే మేలు. పాత బూత్ రికార్డు చేసింది అదే. కరెంటు పోయినా టవరు నిలిచేలా బ్యాటరీలు ఉండాలి. 112కు చేసే కాల్‌కు అన్నింటికన్నా ముందు దారి దొరకాలి.

కాబట్టి కర్తవ్యం సుస్పష్టం. సేవా నాణ్యత లెక్కలను ట్రాయ్ పట్టణాల వారీగా, బస్తీల వారీగా, రద్దీ గంటల వారీగా బయటపెట్టించాలి. మాటకు ముందు వరుస ఇవ్వడాన్ని కంపెనీల దయకు వదలకుండా, అన్ని యాప్‌ల మాటకూ ఒకే తీరున వర్తించే నియమంగా తేవాలి. డబ్బు చూసి దారి విడిచే పథకాలు ఏ కొత్త పేరుతో వచ్చినా తలుపు తీయకూడదు. 5జీలో నెట్‌వర్క్‌ను పాయలుగా చీల్చి అమ్మే వీలు ఉన్నందున ఈ కాపలా ఇకపై మరీ ముఖ్యం. భివండీ ప్రజాప్రతినిధులు, నగరపాలక సంస్థ నీళ్ల గురించి, రోడ్ల గురించి నిలదీసినట్టే ఫోను మాట గురించీ కంపెనీలను కూర్చోబెట్టి అడగాలి.

కామత్‌ఘర్ కార్మికుడు నేసిన గుడ్డ దేశమంతా తిరుగుతుంది. అతడి మాట మాత్రం ఊరి పొలిమేరకు ముక్కలై చేరుతోంది. అతడు కోరేది సెకనుకు వంద కిలోబిట్లు కూడా దాటని చిన్న దారి. అవతల ఫోను పట్టుకున్న ముసలి తల్లి 'ఇనవడ్తుంది బిడ్డా, చెప్పు' అనగలిగే రోజు రావాలంటే ఆ దారి విడవాల్సిందే.